బండికి ముందు ఎటు

మా అక్క పోయాక ఆమెను తలుచుకుంటూ జనం చెప్పుకున్నవాటిలో సగానికి పైగా జోకులే. బతికుండగా కూడా అంతే కాబట్టి ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. ఆమెకు కుడి ఎడమలు తెలియవు. ఆ ఒక్క ముక్క చాలు, నలుగురు చేరితే ఒక పూట గడిచిపోయేది.

నిజానికి తెలియకపోవడం కాదు. "కుడి" అని ఎవరైనా అంటే అక్క ఒక్క క్షణం ఆగేది. కలం పట్టే చేతి బొటనవేలు చూపుడువేలిని మెల్లగా రాసుకునేది. అది ఏ చెయ్యో చూసుకుని, అప్పుడు సరైన వైపే తిరిగేది. ఆ ఒక్క క్షణం ఆగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. నాన్న స్కూటరు నేర్పుతూ వెనక సీటు మీంచి "ఎడమకి, ఎడమకి" అని చెవిలో అరిచాడు. ఎదురింటివాళ్ల పూలకుండీలు పోయాయి. నాన్న లేచి మట్టి దులుపుకుంటూ, "దీన్ని దారి చూపించమంటే మనింటి ముందే నించుని మనిల్లెక్కడని అడుగుతుంది," అన్నాడు. తికమక అనే పేరు ఆయన పెట్టిందే. అమ్మ "తికమకా, అన్నానికి రావే" అని పిలిచేది. అమ్మ దృష్టిలో అది ముద్దుపేరు.

ఆ పేరును కాలేజీకి చేర్చింది కూడా నాన్నే. అక్కను చేర్పించడానికి వెళ్లిన రోజు, ఆఫీసు కిటికీ దగ్గర వరుసలో నించున్నవాళ్లకు పొద్దుపోక పూలకుండీల కథ చెప్పాడు. ఆ వరుసలో వెనక నించున్న పొడుగాటి కుర్రాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. తర్వాత అక్క చేరిన జట్టుకు అతనే కెప్టెన్. ఇంకా తర్వాత మా బావ.

నేను అదే కాలేజీలో అక్కకు ఏడాది వెనక. సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికి పోవాలి కాబట్టి ఆమె పని అయ్యేదాకా రేకుల షెడ్డులో కూర్చునేదాన్ని. విరిగిన పరీక్ష కుర్చీలు పడేసే షెడ్డు అది. మధ్యలో చోటు చేసుకుని, రబ్బరు పట్టాలు పరిచి, అక్కడే అక్క జట్టువాళ్లు బండి కట్టారు.

బండి అంటే కాలేజీల మధ్య పోటీ కోసం విద్యార్థులు తయారుచేసుకున్న రోబో. టీపాయి అంత పొడవూ వెడల్పూ, మోకాలి ఎత్తు. ముందు వైపు బంతిని లోపలికి లాక్కునే నోరు, నోటి పైన ఎర్ర టేపు. ఆ టేపును ముక్కు అనేవాళ్లు. మామూలు బండి చక్రాలు ముందుకీ వెనక్కీ దొర్లుతాయి. దీని నాలుగు చక్రాలకూ మెడలున్నాయి, ఎటంటే అటు తిరుగుతాయి. పీతలా పక్కకు పోతుంది, ఏటవాలుగా పోతుంది, పోతూ పోతూ తన చుట్టూ తాను తిరుగుతుంది.

కట్టడం అయ్యాక అసలు గొడవ మొదలైంది. నడిపేవాళ్ల చేతిలో రిమోట్, దాని మీద రెండు స్టిక్‌లు. ఒకటి ఎటు పోవాలో చెప్పడానికి, రెండోది ముక్కు ఎటు తిప్పాలో చెప్పడానికి. మొదటి స్టిక్‌ను ముందుకు నెడితే బండి ముందుకు పోవాలి. అంతవరకు బాగానే ఉంది.

"ఎవరి ముందుకి?" అని అడిగాడు సారు. ఈ పిల్లల పనికి పెద్దదిక్కుగా కాలేజీ పెట్టిన లెక్చరర్ ఆయన. "ఇది తేల్చకుండా ఒక్క వైరు కూడా కలపొద్దు."

"బండి ముందే ముందు సారూ," అన్నాడు కెప్టెన్. "కారు నడిపేవాడు కారు ముందుకి పోతాడు గానీ రోడ్డు ముందుకి పోతాడా?"

అందరూ నవ్వారు. కెప్టెన్ ఏమన్నా నవ్వొచ్చేది. అతను సారు గొంతూ, ప్రిన్సిపాల్ దగ్గూ అచ్చుగుద్దినట్టు దించేవాడు.

అక్క నోరు విప్పింది. "కారైతే లోపల కూర్చుంటాం. ఇక్కడ మనం బయట నించుంటాం కదా. అది మన వైపు తిరిగినప్పుడు దాని కుడి మనకి ఎడమైపోతుంది."

"వచ్చిందండీ, కుడి ఎడమల పండితురాలు."

మళ్లీ నవ్వు. సారు కూడా నవ్వాడు గానీ, నవ్వాక బోర్డు దగ్గరకు వెళ్లి ఆమె చెప్పినదే బొమ్మ గీశాడు.

ఆయన చెప్పిన రెండో పద్ధతిలో బండి ముక్కుతో పని లేదు. నడిపేవాళ్లు ఎటు చూస్తూ నించుంటే అదే ముందు. స్టిక్‌ను తన నుంచి దూరంగా నెడితే బండి దూరంగా పోతుంది, తన వైపు లాగితే తన వైపు వస్తుంది, ముక్కు ఎటున్నా సరే. దిక్కు గుర్తుపెట్టుకునే చిన్న చిప్ ఒకటి బండి లోపల కూర్చుని ఆ లెక్క చూసుకుంటుంది. ఒక్కటే షరతు. ఆటకు ముందు బండి ముక్కును అవతలి గోడ వైపు, అంటే నడిపేవాళ్లకు దూరంగా తిప్పి పెట్టి, "ఇదీ ముందు" అని దానికి ఒకసారి చెప్పాలి. దాన్ని సున్నా కొట్టడం అనేవాళ్లు. సున్నా తప్పితే ఇక అన్నీ తప్పే.

"వాదించుకోవద్దు. నడిపి చూడండి," అన్నాడు సారు.

విరిగిన కుర్చీలు అక్కడక్కడా పెట్టారు. ముందు కెప్టెన్, తన పద్ధతిలో. బండి తన నుంచి దూరంగా పోతున్నంతసేపూ రాజాలా నడిపాడు. మలుపు తిరిగి తన వైపు రావాల్సి వచ్చేసరికి కుర్చీలను దున్నేశాడు. ఆ తర్వాత అక్క, రెండో పద్ధతిలో. బండి కుర్చీల మధ్య నుంచి నీళ్లు పారినట్టు పోయింది, ముక్కును ఎటో తిప్పుకుంటూ, పక్కకు జారుతూ, వెనక్కు వస్తూ. నేను బండిని చూడలేదు, ఆమె వేలినే చూశాను. అది ఎక్కడా ఆగలేదు. కుడి లేదు, ఎడమ లేదు, ఎటు పోవాలో అటు వేలు. నాకు బుద్ధి తెలిశాక మా అక్క ఆగకుండా కదలడం చూసింది అప్పుడే.

"పద్ధతి రెండోది. స్టిక్ ఈమెకివ్వండి," అన్నాడు సారు.

"సారూ, దానికి కుడి ఎడమలు తెలీవు సారూ."

"వాటితో పని లేని పద్ధతిరా ఇది. అందుకే."

కెప్టెన్ నవ్వాడు. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

పోటీ దాకా రోజూ అక్క బండి నడిపింది. ఆట నడుస్తుండగా పక్కన నించుని మైదానాన్ని చూసి చెప్పే పని కెప్టెన్‌ది. రిమోట్ మీద ఏది ఎక్కడుండాలో అక్క అడిగి చేయించుకుంది. స్టిక్ మీద వేలు ఊరికే వణికితే బండి కదలకూడదంది. గోల్ దగ్గర బండి మెల్లగా పోవడానికి చూపుడువేలి కింద ఒక బటన్ కావాలంది. ప్రోగ్రాం రాసే అబ్బాయి అన్నీ పెట్టిచ్చాడు. అతన్ని గొణుగుడు అనేవాళ్లు. మాట్లాడితే సగం మాట కాలర్‌లోకి పోయేది.

చివరగా ఒకటి అడిగింది. "సున్నా బటన్ కూడా రిమోట్ మీదే ఉండాలి. ఆట మధ్యలో దిక్కు తప్పితే నేనే సరిచేసుకుంటా."

"నీ చేతికి సున్నా బటనా?" అన్నాడు కెప్టెన్. "పిచ్చోడి చేతికి రాయిచ్చినట్టే. పొరపాటున నొక్కావంటే కొంప కొల్లేరే."

షెడ్డంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. తాను కూడా నవ్విన మాటను మనిషి ఇంక ఎలా కాదంటాడు. సున్నా బటన్‌ను బండి వీపు మీద, చిన్న మూత కింద బిగించారు. మైదానంలో బండిని పెట్టేవాళ్లు మాత్రమే నొక్కగలరు.

పోటీ ఒక పెద్ద ఇండోర్ హాల్లో. మైదానానికి రెండు చివర్లా ఛాతీ ఎత్తున పారదర్శకమైన ప్లాస్టిక్ గోడలు, వాటి వెనక నడిపేవాళ్లు. బండిని ఇద్దరు మోసుకెళ్లి పెట్టాలి. ఒక వైపు కెప్టెన్, ఒక వైపు గొణుగుడు. ఆ హడావిడిలో కెప్టెన్ అన్న మాట ఇది:

"ముందు మన వైపు పెట్టి సున్నా కొట్టు."

అతను అనుకున్నది, మొదట బండిని మన సగంలో పెట్టు, ఆ తర్వాత సున్నా కొట్టు అని. గొణుగుడు విన్నది, బండి ముందుభాగాన్ని మన వైపు తిప్పి పెట్టు అని. ముందు అన్న మాట మన భాషలో మొదటా అవుతుంది, ఎదుటా అవుతుంది. కెప్టెన్ గోడ వెనక్కి వెళ్లాక గొణుగుడు ముక్కును అక్క వైపు తిప్పి, మూత తీసి, సున్నా కొట్టాడు. అంటే బండికి ఇప్పుడు ముందు అంటే అక్క.

ఈ సంగతి మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆరోజు గ్యాలరీలో కూర్చున్న నాకూ, అమ్మానాన్నలకూ కనిపించింది వేరు. ముక్కు తన వైపు ఉండటం అక్కకూ కనిపించే ఉంటుంది. కానీ ముక్కును పట్టించుకోకుండా నడపడమే ఆమె ఇన్నాళ్లూ నేర్చుకున్న విద్య.

గంట మోగింది. అక్క స్టిక్ ముందుకు నెట్టింది. బండి ఆమె మీదికి వచ్చింది.

ప్లాస్టిక్ గోడకు కొట్టుకుంది. దూరంగా పొమ్మని ఇంకా గట్టిగా నెట్టింది. అది ఇంకా గట్టిగా వచ్చి కొట్టుకుంది. హాల్లో మొదట ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత ఒక మూల నుంచి నవ్వు మొదలైంది. పొమ్మంటున్నకొద్దీ కుక్కపిల్లలా మీద మీదికి వస్తున్న బండిని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. మా నాన్న తొడ చరుచుకుని, "పూలకుండీలు లేవు గనక సరిపోయింది," అన్నాడు పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషితో.

అక్క పక్కకు తిరిగి, "బండిలో ఏదో తేడాగా ఉంది," అంది.

"ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?" అన్నాడు కెప్టెన్. "వేలు చూసుకో తికమకా, వేలు."

అక్క వేలు చూసుకుంది. ఎటు నెడుతోందో చూసుకుంది. ఇంకెవరైనా అయితే బండికి సున్నా తప్పిందని అప్పటికే అరిచి ఉండేవాళ్లు. ఆమె స్టిక్‌ను తన వైపు లాగి చూసింది. బండి దూరంగా పోయింది. దాంతో ఆమెకు తేలిపోయింది, తిరగబడింది తన బుర్రేనని. సరే, దూరంగా పొమ్మనడానికి లాగడం మొదలెట్టింది. కుడికి అనుకున్నది ఎడమకు, ఎడమకు అనుకున్నది కుడికి. కాసేపు సాగింది. ఒక బంతి కూడా గోల్‌లో వేసింది. తర్వాత చెయ్యి పాత అలవాటుకు ఒకసారి, కొత్త అలవాటుకు ఒకసారి పోయింది. ఆ పాత ఆగడం మళ్లీ వచ్చింది. బొటనవేలు స్టిక్ వదిలి చూపుడువేలిని రాసుకోవడం నాకు గ్యాలరీ నుంచి కనిపించింది. ఆఖరి దెబ్బకు ఒక చక్రం మెడ విరిగి, బండి ఆమె కాళ్ల ముందే కూలబడింది.

అక్క ఇంకా రాకముందే సామాన్ల గదిలో గొణుగుడు బండిని ఒకసారి ఆన్ చేసి చూసి, "సున్నా ఉల్టా ఉంది," అన్నాడు.

"తెలుసు," అన్నాడు కెప్టెన్. "గంట కొట్టినప్పుడే చూశాను. నోర్మూసుకో, జడ్జీలొస్తున్నారు."

ఓడిపోయినవాళ్లకు కూడా ఒక బహుమతికి దారి ఉంది. బండిని నడిపే పద్ధతిని ఎవరు బాగా ఆలోచించి ఎంచుకున్నారో వాళ్లకు ఒక కప్పు. సున్నా కొట్టడంలో తప్పు జరిగిందంటే ఆ కప్పు పోతుంది. నడిపిన అమ్మాయి తప్పంటే పోదు.

ఒక పెద్దావిడ, ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఆటలో ఏమైందని ఆవిడ అడిగింది.

"మా డ్రైవర్‌కి చిన్నప్పట్నుంచీ కుడి ఎడమల ఇబ్బందండీ," అన్నాడు కెప్టెన్ గొంతు తగ్గించి, అక్క వినేంతగా. "ఆమెని దృష్టిలో పెట్టుకునే ఈ పద్ధతి ఎంచుకున్నాం. సున్నా బటన్ కూడా ఆమె చేతికి అందకుండా బండి మీదికి మార్చాం. అయినా..." అని రెండు చేతులూ చాపాడు.

పెద్దావిడ అక్క భుజం తట్టింది. "ఫర్వాలేదమ్మా. నీ కోసం ఇంత ఆలోచించే స్నేహితులున్నారు." కప్పు వాళ్లకే వచ్చింది. ఫొటోలో ఆ కప్పు అక్క చేతుల్లో ఉంటుంది. పట్టుకోమని కెప్టెనే ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో అతను బస్సులో ఆమె పక్కన కూర్చుని, "అందరికీ అన్నీ రావులే. నువ్వు బాధపడకు. నేనేం అనుకోను," అన్నాడు. మిగతావాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారు. అతను మానలేదు. చదువులయ్యాక పెళ్లి మాట వచ్చినప్పుడు, "అతనేనా నీకు దొరికింది?" అని అడిగాను. "అంతమంది ముందు ఓడించాను. ఒక్క మాటనలేదే," అంది. అతను తనను క్షమించాడని మా అక్క అతన్ని పెళ్లి చేసుకుంది.

ఆ తర్వాత ఆమె దేని స్టిక్కూ పట్టుకోలేదు. యంత్రాల ఉద్యోగం వస్తే వద్దని, ఒక మందుల గోదాములో పెట్టెల మీది లేబుళ్లు సరిచూసే పనిలో చేరింది. ఒక్క లేబులూ తప్పు పోనివ్వలేదని అక్కడివాళ్లు చెప్తారు. అయినా ప్రతి పెట్టెనూ పక్కవాళ్లకు చూపించి, "ఇది కరెక్టేనా?" అని అడిగేది. ఇంట్లో కూడా అదే మాట. కూరలో ఉప్పు కరెక్టేనా, ఈ చీర కరెక్టేనా, తలనొప్పి ఈ వైపేనా. ఇంటికి ఎవరొచ్చినా బావ రెండు చేతులూ పైకెత్తి, "తికమకా, వీటిలో నా కుడిచెయ్యి ఏది?" అనేవాడు. అక్క కావాలనే తప్పు చెయ్యి చూపించేది. సరిగ్గా చెప్తే ఇంకోటి అడుగుతాడు. తప్పు చెప్తే నవ్వి వదిలేస్తాడు. పెళ్లయినా ఆమె అతన్ని కెప్టెన్ అనే పిలిచేది.

వాళ్లు కొత్త ఫ్లాట్‌లోకి మారాక ఒక ఆదివారం గొణుగుడు భోజనానికి వచ్చాడు. నేనూ ఉన్నాను. టీవీ పక్కన ఆ కప్పు ఉంది. గొణుగుడు దాని వైపు చూసి, నోట్లో ముద్ద ఉండగానే నవ్వి, "ముందు మన వైపు పెట్టు," అన్నాడు కెప్టెన్ గొంతుతో.

బావ పగలబడి నవ్వాడు. "ఎదవా, ఇంకా గుర్తుందిరా నీకు?"

"ఏంటది?" అంది అక్క.

గొణుగుడు చెప్పాడు. ఆరోజు మాత్రం ఒక్క మాట కూడా కాలర్‌లోకి పోలేదు. ముక్కు ఎటు పెట్టాడో, ఎందుకు పెట్టాడో, అది తెలిసీ కెప్టెన్ తన నోరు ఎలా మూయించాడో, జడ్జీల ముందు ఇద్దరూ నవ్వు ఎలా ఆపుకున్నారో. "నీకు ఎప్పుడో చెప్పేసుంటాడు అనుకున్నా," అన్నాడు చివర్లో.

"నేనూ తెలుసనే అనుకున్నా," అన్నాడు బావ. "అప్పటికే గంట కొట్టేశారు. మధ్యలో చెప్తే ఇంకా తికమక పడుతుందని ఊరుకున్నా. ఎన్నేళ్ల కిందటి మాట. నవ్వవే."

అక్క నవ్వింది. నవ్వి, "అయితే నేను నెట్టింది సరిగ్గానే," అంది.

"సరిగ్గా ఏముందే? బండి గోడకి కొట్టుకుందిగా. మనకి కావాల్సింది ఫలితం." మళ్లీ ఇద్దరూ నవ్వుకున్నారు.

వంటగదిలో అక్క కుళాయి తిప్పి, గిన్నెలు కడగకుండా బొటనవేలిని చూసుకుంటూ నించుంది. "ఈ వేలు కరెక్టేనే," అంది నాతో. "ఇన్నేళ్లూ దీన్నే తిట్టుకున్నాను." వేలిని గాల్లో ముందుకు నెట్టింది, వెనక్కు లాగింది. ఏడవలేదు. నేను ఏడుస్తుంటే, "కుళాయి కట్టెయ్, నీళ్లు పోతున్నాయి," అంది.

ఆ తర్వాత ఆమె "ఇది కరెక్టేనా" అనడం తగ్గింది. బావ చేతులెత్తి అడిగితే, "ముందు సున్నా ఎవరు కొట్టారో చూసుకో, కెప్టెన్," అనేది. చుట్టాలకు అర్థం కాకపోయినా నవ్వేవాళ్లు. బావకు అర్థమయ్యేది, నవ్వేవాడు కాదు. కారు నేర్చుకుంటానంది. నేర్చుకుంది. లైసెన్సు వచ్చింది గానీ తాళంచెవి ఇవ్వలేదు. "పిచ్చోడి చేతికి రాయి," అన్నాడు. అతను వేరే ఊరు వెళ్లినప్పుడు ఒకసారి ఇద్దరం కారు తీశాం. నేను పక్కన కూర్చుని కుడీ ఎడమా అనకుండా వేలితో చూపించాను, ఇటు, అటు. ఒక్క కూడలిలో కూడా ఆమె తడుముకోలేదు. ఊరి చివర ఆపి, ఇంజను ఆపకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, "చూశావా, సున్నా సరిగ్గానే ఉంది," అంది. నా దగ్గరున్న అక్క మొహాల్లో నేను దాచుకున్నది అది.

ఆ ఏడాదే, ఒక ఉదయం, బావ ఆఫీసుకు వెళ్తూ బూట్లు వేసుకుంటుంటే అక్క వంటగది గుమ్మంలో నించుని, "కెప్టెన్, నా ఎడమ చెయ్యి పట్టు రావట్లేదు. గ్లాసు జారిపోతోంది," అంది. అతను లేసులు కట్టుకుంటూ, "ఎడమ ఏదో ముందు తేల్చుకో," అన్నాడు. తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఏదో కాగితం మర్చిపోయి వెనక్కి వచ్చేసరికి ఆమె వంటగదిలో నేల మీద ఉంది. గొణుగుడు ఉండేది ఆ వీధిలోనే. అతనికి ఫోన్ చేశాడు. లిఫ్ట్ పనిచెయ్యలేదు. ఇద్దరూ కలిసి ఆమెను మెట్ల మీంచి మోసుకొచ్చారు, ఒకడు తల వైపు, ఒకడు కాళ్ల వైపు. నేను ఆస్పత్రికి చేరేసరికి ఆమెను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. నోరు ఒక పక్కకు జారిపోయింది.

"ఏ వైపు మొదలైందమ్మా?" అని అడిగాడు డాక్టర్.

అక్క ఆగలేదు. పనిచేసే చేతిని ఎత్తి, పనిచెయ్యని చేతిని తాకి చూపించింది.

"ఆవిడ చూపించింది పట్టించుకోకండి," అన్నాడు బావ. "ఆవిడకి కుడి ఎడమలు తెలీవు."

డాక్టర్ అతన్ని ఒకసారి చూశాడు. "చూపించిన చెయ్యి పడిపోయే ఉంది కదండీ. ఎప్పట్నుంచి ఇలా?"

అప్పుడు బావ భయంలో ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "పొద్దున ఎడమ చెయ్యి పట్టు రావట్లేదంది. ఎప్పటిలాగే తికమక అనుకున్నాను. ఎడమ ఏదో ముందు తేల్చుకో అని ఆఫీసుకెళ్లిపోయాను." నేను విన్నాను. నా పక్కన నించున్న గొణుగుడు విన్నాడు. స్ట్రెచర్ మీద అక్క కూడా వింది.

"అప్పుడే తీసుకొచ్చుంటే మందు పనిచేసేది," అన్నాడు డాక్టర్.

ఆమె ఆ వారం దాటలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ల కోసం ఫ్లాట్‌లో పక్కవాళ్ల కుర్చీలు తెచ్చి వేశారు. బావ గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఆ ఉదయం గురించి చెప్పాడు. మొదట్లో మాట తడబడేది. చెప్పగా చెప్పగా మాట నున్నబడింది. సారు వచ్చిన రోజుకు ఇలా తయారైంది:

"కుడి చెయ్యి పట్టు రావట్లేదంది సారూ. నేను వెంటనే లేచి కుడి చెయ్యి పట్టుకుని చూశాను. గట్టిగానే ఉంది. వేళ్లు కదుపు అన్నాను, కదిపింది. ఏం లేదులే పడుకో అని చెప్పి వెళ్లాను. ఎడమ అని ఉంటే..." అని తన ఎడమచేతిని చాపి చూపించి ఆగాడు. "మీకు తెలుసు కదా సారూ. చివరి రోజు కూడా పాపం..."

"ఆ పిల్లది మొదట్నుంచీ అంతేగా," అన్నాడు సారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. మా నాన్న కూడా ఊపాడు. ఎవరో స్కూటరు సంగతి ఎత్తబోయి ఆగారు.

"ఆస్పత్రిలో ఎడమ అందని చెప్పావు బావా," అన్నాను. "డాక్టర్‌తో నువ్వే అన్నావు. ఎడమ ఏదో ముందు తేల్చుకో అని వెళ్లిపోయానన్నావు."

బావ నా వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లున్నాయి, నిజం నీళ్లే.

"అలా అన్నానా? ఆ కంగారులో నేనూ తికమక పడ్డానేమో తల్లీ," అన్నాడు.

ఎవరో అయ్యో అన్నారు. సారు లేచి అతని వీపు నిమిరాడు. "వాడి పరిస్థితి చూడమ్మా," అంది మా అమ్మ నాతో, మెల్లగా, నన్నే కసిరినట్టు.

గొణుగుడు టీవీ పక్కన నించుని ఉన్నాడు. చేతిలో టీ కప్పు, భుజం వెనక ఆ రెండో కప్పు. "అన్నయ్యా, నువ్వు నా పక్కనే ఉన్నావు కదా," అన్నాను. "నువ్వు చెప్పు. డాక్టర్‌తో ఏ చెయ్యన్నాడు?"

అతను తల వంచుకుని కాలర్‌లోకి ఏదో అన్నాడు. ఏమన్నావని అతన్ని ఎవరూ అడగలేదు.